గుంజ పక్కన ఫొటో

సకల జనుల సమ్మె అని జనగామలో తన స్టూడియోకు తాళమేసినా, ఆ ఫొటోగ్రాఫర్ చెయ్యి ఊరుకోలేదు. దేవరుప్పుల డొంక బాటల్లో పాత పశువుల కొట్టాలను ఫొటోలు తీస్తుంటే, ఒక ముసలామె అడ్డమొచ్చింది.

"బర్లు లేని కొట్టానికి ఫొటో ఏంది నాయినా? పనేం లేదా?"

"తెలంగాణ వచ్చేదాక గిదే పని అవ్వా!"

"ఐతే జల్ది తియ్యి, రేపు కూలగొడతరు. ముందుగాల గా గుంజను తియ్యి. మా ముసలాయన పాలు పిండి దానికే ఒరిగి కూసుండేటోడు. వీపు తాకి తాకి ఎట్ల నున్నగైందో చూడు."

"ఆయన ఫొటో లేదా?"

"బతికున్నప్పుడు ఒక్కటన్న దిగలే. గుంజ పోతే గా గుర్తు గూడ పోతది."

"మరి నువ్వు గూడ పక్కన నిలబడు."

ఆమె నెత్తిమీద కొంగు కప్పుకొని, గుంజకు మూరెడు దూరంలో నిలబడ్డది.

"జర దగ్గరకు జరుగవ్వా."

"గింతే. పరాయోళ్ల ముందట ఆయనకు సిగ్గు."