ప్రజలు వర్సెస్ మా తమ్ముడు

రాగి తీగ దొంగతనం కేసు కొట్టేసి పావుగంటయింది. కోర్టు వరండాలో బల్ల మీద లిఫ్టు మెకానిక్కు, అతని అక్క కూర్చుని ఉన్నారు.

"లేవరా, ఇంటికి పోదాం."

"కాసేపాగక్కా."

"ఏడాదిగా సెలూన్‌కి కూడా పోలేదు. ఆ గడ్డం చూడు."

"ఎలా పోతాను? కేసు పిలిచినప్పుడల్లా బంట్రోతు 'స్టేట్' అన్నదాన్ని తెలుగు చేసి 'ప్రజలు వర్సెస్' అని నా పేరు చదివేవాడు. సెలూన్ అతనూ ప్రజల్లోవాడేగా. గొంతు దగ్గర కత్తి పెడతాడు."

"నేనూ ప్రజల్లోదాన్నే. నా తమ్ముడి మీద నేనెప్పుడు కేసు పెట్టానని మన లాయరుగారిని నిలదీశాను."

"ఆయన ఆ మాటే జడ్జిగారి ముందు పెట్టారు. ఇకనుంచి 'ప్రాసిక్యూషన్' అని మాత్రమే పిలవమని జడ్జిగారన్నారు. ఆ రోజు నాకు నిద్రపట్టింది."

"నువ్వు బయటపడింది, లిఫ్టు బాగుచేసిన ఆ అపార్ట్‌మెంటు గేటు రిజిస్టర్లో సంతకం వల్లరా. దొంగతనానికి ముందే వెళ్లిపోయావని అందులో ఉంది."

"ఆ సంతకం మొదట్నుంచీ ఉందక్కా. దాన్ని తెరిచి చూసే ఓపిక కోర్టులో వాళ్లకి 'ప్రజలు' అనడం మానేశాకే వచ్చింది."

"సరే, అదిగో బస్సు. పద."

"నిండా జనమే ఉన్నారు."

"ఉంటే ఏం? కాస్త జరగమని అడుగు. జరుగుతారు."