కొండ కనిపించే ఫ్లాటు

అల్బేనియా రాజధాని తిరానాలో పది అంతస్తుల కొత్త మేడ. దాని ఎదుటి కాఫీ కొట్లో లిఫ్టు బిగించిన ముసలి మేస్త్రీ, మేడ కట్టించిన కాంట్రాక్టరు కూర్చున్నారు. మేస్త్రీ సంతకం చేయాల్సిన అప్పగింత కాగితం బల్ల మీదుంది.

“అప్పగించిన రోజే డబ్బు అని కదా ఒప్పందం?”

“ఈ ఊళ్లో ఇప్పుడు డబ్బెవరిస్తున్నారు మేస్త్రీ? అందరూ ఫ్లాట్లే ఇస్తున్నారు. మీకు తొమ్మిదో అంతస్తులో ముప్పైనాలుగో నంబరు. కిటికీ తీస్తే దాయ్తి కొండే.”

“కొండని చూపిస్తే నా పనివాళ్ల కడుపు నిండుతుందా?”

“అమ్ముకోండి. రెండింతలొస్తుంది.”

“అంత గిరాకీ ఉంటే నువ్వే అమ్మి నా డబ్బు నాకివ్వు బాబూ.”

“నా మీద నమ్మకం లేదా?”

“మొన్నటిదాకా ఉండేది. నిన్న ఈ మేడకి కిటికీలు బిగించిన బర్ధుల్‌నీ వాళ్లావిడనీ నేనే పైకి తీసుకెళ్లాను. ముప్పైనాలుగులో పరదాలకి కొలతలు తీసుకున్నారు. కిటికీల డబ్బుకి బదులు వాళ్లకీ అదే రాసిచ్చావట.”

కాంట్రాక్టరు కాఫీ కలపసాగాడు. చక్కెర వేయలేదని మేస్త్రీ గమనించాడు.

“గుమాస్తా పొరపాటు. ఇంకోటి చూస్తాను.”

“వెతకడమెందుకు? మూడో అంతస్తులో నీ పేరునే ఒకటుంది. అది రాయి.”

“అది మా అమ్మకి. ఆదివారం దిగుతోంది.”

“మీ అమ్మకి ఇల్లు, మాకు కాగితమూనా?”

“సరే, సాయంత్రానికి మొత్తం బ్యాంకులో వేయిస్తాను. సంతకం పెట్టండి.”

“అయితే డబ్బుందన్నమాట.”

మేస్త్రీ లిఫ్టు నడిపే తాళంచెవి జేబులో వేసుకుని లేచాడు.

“డబ్బు పడ్డాక కబురు చెయ్యి, వచ్చి సంతకం పెడతాను. ఆలస్యమైతే మీ అమ్మగారిని మెల్లగా మెట్లెక్కమను.”