ఒసాకా కరెంటు, ఎల్బీనగర్ కోతలు

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న ఆ బతుకమ్మ రోజుల్లో ఎల్బీనగర్‌లో రెండు రకాల కోతలు ఉండేవి. ఒకటి కరెంటు కోత. సింగరేణి కార్మికులు గనుల్లోకి దిగడం మానేశారు. బొగ్గు లేక కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. రెండోది గంగాధరరావు కోత. దానికి వేళాపాళా లేదు, బొగ్గుతో పనీ లేదు.

మామూలుగా అయితే భిక్షపతి రెండింటినీ నవ్వుతూనే భరించేవాడు. కానీ ఆ సాయంత్రం అతనికి నవ్వొచ్చే పరిస్థితి లేదు.

భిక్షపతిది నల్గొండ దగ్గర పల్లె. ఎల్బీనగర్ చౌరస్తాకు కాస్త లోపలి గల్లీలో, మట్టయ్య చాయ్ దుకాణాన్ని ఆనుకుని ఉన్న మడిగెలో జిరాక్సూ, డీటీపీ షాపు నడుపుకుంటున్నాడు. ఆ పొద్దున కరెంటు పోయింది, వచ్చింది, వచ్చినప్పుడు పూనకంతో వచ్చింది. మళ్లీ పోతూ పోతూ అతని కంప్యూటర్‌ను కూడా వెంటబెట్టుకుపోయింది. తెర బాగానే ఉంది, ప్రింటర్ బాగానే ఉంది, సీపీయూ డబ్బాలోంచి మాత్రం మాడిన వాసన.

మర్నాడు చుట్టుపక్కల కాలనీల ఆడవాళ్లంతా విజయవాడ రోడ్డు మీద బతుకమ్మ ఆడాలని అనుకున్నారు. ఎక్కడ కలవాలో, ఎప్పుడు బయల్దేరాలో కరపత్రం వేసి ఇంటింటికీ పంచాలి. "మా కొడుకు అచ్చేస్తడు" అని భిక్షపతి తల్లి ముత్తమ్మ కర్మన్‌ఘాట్ దాకా మాటిచ్చేసి వచ్చింది. బందు మూలంగా అచ్చేసే షాపు ఇంకేదీ తెరిచి లేదు.

దారి ఒక్కటే ఉంది. ఇంట్లో అటక మీద ఇంకో కంప్యూటర్ ఉంది. రియాద్‌లో వ్యాన్ నడిపిన బావ దశరథ, కంపెనీవాళ్లు పక్కన పడేస్తుంటే అడిగి తెచ్చి ఇచ్చాడు. ఇచ్చినోడు ఊరుకోకుండా ఓ మాట చెప్పి పోయాడు: "బామ్మర్దీ, గిది ఆడ నూటపది కరెంటు మీద నడిచింది. ఈడ సీదా పెట్టినవనుకో, పటాకి లెక్క పేల్తది."

ఆ డబ్బాను కిందికి దించి, బూజు దులిపి, షాపు బల్ల మీద పెట్టి, భిక్షపతి దానివంక పామువంక చూసినట్టు చూశాడు. ఇది కూడా పేలితే రేపటి కరపత్రమే కాదు, ఎల్లుండి నుంచి షాపే లేదు. కరెంటు ఎలాగూ లేదు కనుక, వచ్చేలోపు ఎవర్నైనా అడుగుదామని పక్కనున్న చాయ్ దుకాణానికి వెళ్లాడు.

అక్కడ బెంచీ మీద గంగాధరరావు ఉన్నాడు.

గంగాధరరావు గుంటూరు వైపు నుంచి వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడిన మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో పిల్లల్ని చేర్పించే ఉద్యోగం. సెంటర్‌కి సమ్మె సెలవులు. కంప్యూటర్ల మధ్య కూర్చునే మనిషి గనక ఆయనకు కంప్యూటర్లు వచ్చని ఆయన నమ్మకం. ఆయన పక్కన రాజు ఉన్నాడు. ఆర్టీసీ కండక్టర్, సమ్మెలో ఉన్నాడు. బస్సులో టికెట్లు కొట్టడం లేదు గనక మాటలు కొడుతున్నాడు. షాపు మెట్టు మీద ముత్తమ్మ తంగేడు పూలు ముందేసుకుని కట్టలు కడుతోంది.

"సార్, జర ఒక మాట. బయటి దేశం కెల్లి ఒచ్చిన కంప్యూటర్ ఉన్నది. మన కరెంటు మీద..."

"ఆగు!" గంగాధరరావు గ్లాసు కింద పెట్టాడు. "బయటి దేశం కరెంటు గురించి నువ్వు నన్నడుగుతున్నావా? నన్నా?"

"మట్టన్నా, పొయ్యి తగ్గియ్యి, సారు లేచిండు" అన్నాడు రాజు.

"నేను ఒసాకా వెళ్లినప్పుడు ఏం జరిగిందో మీకు చెప్పలేదు కదూ. ఒసాకా అంటే జపాన్‌లోది. మా సెంటర్ వాళ్లు పనిబడి పంపారు. నా డెస్క్‌టాప్ నేను వెంట తీసుకెళ్లా, పరాయి కంప్యూటర్ ముట్టుకునే అలవాటు లేదు నాకు. హోటల్ గదిలో ప్లగ్గు పెట్టానా, స్విచ్ వేశానా, కిక్కురుమనదే! ఎందుకో తెలుసా? మన కరెంటు రెండువందల ముప్ఫై వోల్టులు, వాళ్లది వంద. పెళ్లిభోజనానికి ఆకలితో వచ్చినవాడి విస్తట్లో ఒక్క వడియం వేసి లేవమన్నట్టు. అదేం లేస్తుంది పాపం! పైగా అక్కడో చిత్రం ఉందయ్యా. ఒకటే దేశం, కరెంట్లు రెండు. తూర్పున సెకనుకి యాభైసార్లు కొట్టుకుంటుంది, పడమట అరవైసార్లు. ఎవరి లెక్క వాళ్లది."

రాజు గ్లాసు పట్టుకునే లేచి నిలబడ్డాడు. "సూసిన్రా! గంత చిన్న దేశమోళ్లు కరెంటే రెండు జేసుకొని సల్లగున్నరు. మేం రాష్ట్రం రెండు జెయ్యమంటే గింత లొల్లి!"

బెంచీ అంతా ఘొల్లుమంది. గంగాధరరావు ముఖం ఓ క్షణం చిన్నబోయింది. "రాజూ, నేను వోల్టేజీ సంగతి చెబుతుంటే నువ్వు రాజకీయం చేయకు."

"పరేషాన్ గాకు సార్" అన్నాడు మట్టయ్య. "రాజుకు పాలు, డికాక్షన్ విడివిడిగ ఇస్త. నీకు కలిపే ఇస్త."

గంగాధరరావుకే నవ్వొచ్చింది. నవ్వితే ఆయనకి బలం వస్తుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? హోటలువాడు పరుగెత్తుకొచ్చి, సార్, మీ కంప్యూటర్ వెనకాల ఎర్ర మీట ఉంటుంది, ఓ పక్క నూటపదిహేను, ఓ పక్క రెండువందల ముప్ఫై అని రాసుంటుంది, మా కరెంటుకి తగ్గట్టు జరుపుకోండి, చాలు అన్నాడు. ఛీ, అది చంటిపిల్లలు చేసే పని! ముట్టుకోలేదు నేను. కరెంటుకి తగ్గట్టు మనం మారడమేంటి, మనకి తగ్గట్టు కరెంటే మారాలి అన్నాను."

భిక్షపతి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఆ ఎర్ర మీట ఏడుంటది సార్?"

"తీగ గుచ్చే చోటు పక్కనేలే. దాన్నొదిలెయ్, అసలు కథ విను. రాగి తీగ తెమ్మన్నాను. ఒసాకా బజారులో ఉన్న తీగంతా బండ్లమీద తెచ్చి పోశారు. ఆ హోటలుకి బయట ఇనప మెట్లు, కిందనించి కప్పుదాకా. దానికి నేనొక్కణ్ణే తీగ చుట్టడం మొదలుపెట్టాను. అంతస్తు అంతస్తుకీ వోల్టేజీ పెరుగుతోంది..."

ఆ మాటల మధ్యలో భిక్షపతి మెల్లగా జారుకున్నాడు. షాపులోకెళ్లి, ఫోను వెలుగులో ఆ డబ్బా వీపు తిప్పి చూశాడు. ఉంది! గోరంత ఎర్రమీట. పైకి 115 అన్న అంకె కనిపిస్తోంది. దశరథ బావ చెప్పింది నిజమే, ఇంతకాలం ఆ దేశం కరెంటుకి తెరుచుకున్న నోరు ఇది. దీన్నిలా మన కరెంటుకి తగిలిస్తే బావ అన్న పటాకి నిజంగానే పేలేది. కానీ జరిపినా సరిపోతుందా? చెప్పింది గంగాధరరావు. ఆయన చెప్పిన వంద మాటల్లో ఒక్కటి నిజమైతే, ఆ ఒక్కటి ఇదేనా?

చంటిపిల్లల పని అన్నాడు కదా. ఆయన గొప్పగా చెప్పుకోనిది ఇదొక్కటే. గొప్పలకు పనికిరానిదంటే నిజమే అయ్యుంటుంది!

కర్మన్‌ఘాట్ అంజన్నను తలుచుకుని, చిన్న స్క్రూడ్రైవర్ మొనతో మీటను అటు నెట్టాడు. 'టక్' మంది. 230 కనిపించింది. రియాద్ నుంచి వచ్చిన తీగకు పిన్నులు వేరు, మన గోడకు పట్టవు. కాలిపోయిన కంప్యూటర్ తీగే తీసి గుచ్చాడు. సరిగ్గా పట్టింది. తెరనూ, ప్రింటర్‌నూ కూడా దీనికే తగిలించాడు. గోడ స్విచ్ మాత్రం వేయలేదు.

తిరిగి వచ్చేసరికి గంగాధరరావు హోటలు కప్పు మీద ఉన్నాడు.

"...స్విచ్ వేశానయ్యా! కంప్యూటర్ ఎంత జోరుగా లేచిందంటే, నేను టైపు కొట్టకముందే అక్షరాలు తెరమీద పడుతున్నాయి. నేను అనుకుంటున్నాను, అది కొడుతోంది! ప్రింటర్ తగిలిస్తే రేపటి పేపరు ఇవాళే అచ్చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మెట్ల కరెంటు లాగుడికి, దూరంగా పోతున్న బుల్లెట్ రైలు ఆగిపోయింది. ఆగి ఊరుకుందా? వెనక్కి రావడం మొదలుపెట్టింది! తిన్నగా మా హోటలు వైపు!"

సరిగ్గా అప్పుడే నాదర్‌గుల్ విమానాల మైదానం వైపు దిగుతూ శిక్షణ విమానం ఒకటి నెత్తిమీదుగా గుర్రుమంటూ పోయింది. రాజు తలెత్తి చూశాడు. "సార్, గది సుత వెనక్కి రావట్టిందా?"

"వెటకారం వద్దు. రైల్లోంచి జనం దిగి నా ముందు వరసగా నడుములు వంచారు. కరెంటు మంత్రిగారే స్వయంగా వచ్చాడు. అయ్యా, మా దేశం మొత్తం కరెంటు మీ చేతుల్లో పెడతాం, ఉండిపొండి అన్నాడు. నేనేమన్నానో తెలుసా? మీ ఊళ్లో దిల్‌సుఖ్‌నగర్ మిరపకాయ బజ్జీ దొరకదు, నేను ఉండలేనన్నాను. ఆయన కళ్లలో నీళ్లు! ఇప్పటికీ వాళ్లు కరెంటు పోతే ముందు నాకే ఫోను చేస్తారు..."

వీధి దీపం గుప్పున వెలిగింది. గల్లీ అంతా "ఒచ్చిందీ!" అన్న కేక. కరెంటు.

ఈ కరెంటు ఎంతసేపుంటుందో దేవుడికే తెలియాలి. భిక్షపతి గంగాధరరావు చేయి పట్టుకున్నాడు. "సార్, మీరే రావాలె. మీ చేత్తోని స్విచ్ ఎయ్యిన్రి."

"నేనా?" గంగాధరరావు గొంతు జపాన్ నుంచి ఒక్కసారిగా ఎల్బీనగర్‌కి దిగింది. "స్విచ్ ఎవరేస్తే ఏముందయ్యా. నువ్వే..."

"బుల్లెట్ రైలునే వాపస్ గుంజినవ్, గీ స్విచ్చెంత సార్!" అంటూ రాజు వెనకనుంచి నెట్టాడు. బెంచీ బెంచీ అంతా షాపు ముందుకు వచ్చింది. ముత్తమ్మ పూలబుట్ట పక్కకు జరిపి దారిచ్చింది.

గంగాధరరావు గడప దాటలేదు. చెప్పులు రబ్బరువేనా కాదా అని అరికాళ్లెత్తి చూసుకున్నాడు. తర్వాత మట్టయ్యను చీపురు తెమ్మన్నాడు. చీపురు తలకిందులుగా పట్టి, ఒక చెయ్యి రాజు భుజం మీద వేసి, కళ్లు గట్టిగా మూసుకుని, గడప బయటినుంచే కర్ర మొనతో స్విచ్ కోసం తడుముతున్నాడు.

"ఇంక జర పైకి సార్. జర కుడికి. అది క్యాలెండరు సార్, పొడవకు" అని రాజు దారి చెబుతున్నాడు.

'టక్.'

భిక్షపతి చేతులు చెవుల దాకా వెళ్లాయి. శబ్దం రాలేదు, పొగ రాలేదు. అతను లోపలికి పోయి డబ్బా ముందున్న గుండీ నొక్కాడు. లోపల చిన్న ఫ్యాను గిర్రున తిరిగింది. పచ్చదీపం వెలిగింది. కొంచెం ఆలోచించుకుని తెర కూడా తెల్లవారింది.

"నడుస్తున్నదే అమ్మా!" అని భిక్షపతి అరిచిన అరుపుకి గల్లీ చివర కుక్క కూడా స్పందించింది. ముందే కరపత్రం తయారుచేసి దాచుకున్న పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఎక్కడ మళ్లీ పోతుందోనని ప్రింటర్‌ని తడుతూ, బతిమాలుతూ, మొదటి కరపత్రం బయటికి తీశాడు. దాని నిండా బతుకమ్మ బొమ్మ, కింద లావు అక్షరాలు. ముత్తమ్మకు చదవడం రాదు, కానీ బొమ్మను వేలితో తడిమి చూసింది. రాజు కాగితాలు అందుకుని మడతలు పెట్టడం మొదలుపెట్టాడు. భిక్షపతికి గంగాధరరావుకి దండం పెట్టాలనిపించింది, పెట్టాడు కూడా. కథ ఎలాంటిదైతేనేం, ఆ ఎర్రమీట మాట ఆయన నోటినుంచే కదా వచ్చింది.

దండం పెడితే ఆ మనిషి ఊరుకుంటాడా? చీపురు భుజాన తుపాకీలా పెట్టుకున్నాడు.

"చూశారా! ఒసాకాలో అచ్చం ఇలాగే! కాకపోతే అక్కడ నేను కళ్లు తెరిచే వేశాను. నా కంప్యూటర్ వెలగంగానే ఊరు ఊరంతా పగలైపోయింది. కోళ్లు కూశాయి. పక్క ఊరివాళ్లు సూర్యుడు మా హోటల్లోంచి లేచాడనుకున్నారు..."

"సారూ" అంది ముత్తమ్మ, కట్ట కడుతూ. "నాదొక్క అనుమానం."

"అడుగు పెద్దమ్మా, అడుగు."

"జపాన్ల కంప్యూటర్లు దొర్కయా? ఈడికెల్లి నెత్తినెత్తుకొని పోయినవ్?"

గంగాధరరావు చీపురు దించాడు. కానీ ఊరికే ఓడే మనిషి కాదు.

"దొరక్కేం పెద్దమ్మా, వీధికో కొట్టుంది. కానీ వాటికి తెలుగు రాదు కదా! అందుకని."

"నిజమే బిడ్డా" అని ముత్తమ్మ ఒప్పుకుంది. "మరి నువ్వు మంత్రితోని గన్ని ముచ్చట్లు పెట్టినవ్, నీకు ఆళ్ల మాట ఒచ్చే ఉంటది. ఒక్క మాట చెప్పు, ఇనబుద్ధయితున్నది."

గంగాధరరావు చూపు చాయ్ గ్లాసుల మీదుగా, బిస్కెట్ల సీసాల మీదుగా, దుకాణం చూరు మీదుగా వెళ్లి, చివరికి గల్లీలో స్టాండు వేసి ఉన్న రాజు మోటార్‌సైకిల్ దగ్గర ఆగింది. దాని ట్యాంకు మీద అక్షరాలు వీధి దీపం వెలుగులో మెరుస్తున్నాయి.

"సుజుకి" అన్నాడు.

రాజు మడతపెడుతున్న కాగితాలు చేతుల్లోంచి జారిపోయాయి. మట్టయ్య నవ్వలేక పొయ్యి దగ్గర కూలబడ్డాడు. ముత్తమ్మ మాత్రం నవ్వలేదు. తంగేడు కట్టను దారంతో బిగించి ముడేస్తూ, తీరిగ్గా అంది:

"గంతేనా? గయితే మన రాజుకు సుత జపాన్ మస్తుగొస్తది సారూ. రోజూ దాని మీదనే తిరుగుతడు."