వదిలిన చోటికే ఇనపగుండు

ఖాళీ లెక్చర్ హాల్లో ఇద్దరే ఉన్నారు. ఒకరు ముప్పై ఏళ్ళుగా ఫస్టియర్ ఫిజిక్స్ చెబుతున్న ప్రొఫెసర్ ఆర్విడ్ హాగెన్, పై పెదవికి మూడు కుట్లతో. రెండోవారు ఒకప్పుడు ఆయన దగ్గరే చదివి ఇప్పుడు ఆయన నెత్తినే కూర్చున్న డిపార్ట్‌మెంట్ హెడ్ మార్సీ వుజిక్. ఇద్దరి మధ్యా కప్పు నుంచి పొడుగాటి తాడుకి వేలాడుతూ ఇనపగుండు.

"ఆ తాడు మీద చెయ్యి తియ్యి మార్సీ. నా క్లాసు సామాను ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"విప్పించేస్తున్నాను. గురువారం మీరు మళ్ళీ మూతి దగ్గర్నుంచి గుండు వదిలి, అది ఊగి తిరిగొచ్చేదాకా కదలకుండా నిలబడే ఈ గుండాట ఆడతానని పిల్లలకి చెప్పారట."

"చెప్పాను. ఆడతాను. నా క్లాసు, నా ఇష్టం."

"జనవరి నుంచి మీ క్లాసు కాదు. డెరెక్ చెబుతాడు. నిన్నే చెప్పాను మీకు."

"చెప్పలేదు. మెయిలు కొట్టావు. ఎదురుగా వచ్చి చెప్పే దమ్ము లేక."

"ఇప్పుడు ఎదురుగానే ఉన్నాను, వినండి. ఫస్టియర్ డెరెక్‌కి. మీకు ఆఖరి ఏడాది వాళ్ళ సెమినార్. పట్టుమని పదిమంది ఉండరు. హాయిగా కూర్చుని చెప్పుకోవచ్చు."

"కూర్చునా? ఎందుకు కూర్చోవాలి? నాకేం కాళ్ళు లేవా?"

"అబ్బా, మాటవరసకి అన్నాను."

"డెరెక్కట డెరెక్కు! వాడికి సుద్దముక్క పట్టుకోవడం వచ్చా? తెర మీద బొమ్మలేస్తాడు. తాడు బొమ్మ, గుండు బొమ్మ. బొమ్మ గుండు ఎవడి మూతీ పగలగొట్టదు కదా, నీకు కావలసింది అదేగా?"

"అవును, అదే. మూడొందలమంది పిల్లల ముందు మీ మూతి పగిలింది. ముందు వరసలో ఒకమ్మాయి రక్తం చూసి ఏడ్చింది."

"ఏడిస్తే ఏడ్చింది. నువ్వు డీన్ దగ్గరికెళ్ళి ఏం కూశావో చెప్పు ముందు. తాడు జారిందా?"

"జారిందనే చెప్పాను."

"సిగ్గులేదూ? తాడు జారితే గుండు కిందికి దిగుతుంది. దిగితే నా ఛాతీకి తగలాలి. పెదవికెలా తగులుతుంది? ఈ మాత్రం తెలియనిదానివి హెడ్డెలా అయ్యావు?"

"డీన్ చరిత్ర చదువుకున్నాయన. నమ్మాడు."

"నేను నమ్మను. నిన్న నిచ్చెనెక్కి ముడి చూశాను. రాయిలా ఉంది. వెంట్రుకవాసి జారలేదు."

"నిచ్చెనెక్కారా? ఎవరు పట్టుకున్నారు?"

"పట్టుకోవడమేంటి, నేనేం చంటిపిల్లాణ్ణా?"

"ఒక్కరే ఎక్కారా అని అడుగుతున్నాను."

"మాట మార్చకు. తాడు జారలేదు. ఒప్పుకుంటావా లేదా?"

"సరే, జారలేదు. అయితే వదిలేటప్పుడు మీ చెయ్యి కాస్త తోసుంటుంది. ఎవరికైనా జరుగుతుంది. డీన్‌తో అలాగే చెబుతాను. సరేనా? గొడవ వదిలిపోతుంది."

"తోశానా? నేనా? తోస్తే గుండు పై ఎత్తుకొస్తుందని, చచ్చినా తోయొద్దని మొదటి రోజే నేర్పేవాణ్ణి, నేనే తోశానా? ముక్కు కింద పెట్టుకుని రెండు చేతులూ పక్కకి తీశాను. ఆ పిల్లలందరి ఫోనుల్లోనూ ఉంది, వెళ్ళి చూసుకో."

"చూశాను."

"చూశావు కదా. తోశానా?"

"వదిలేయండి ప్రొఫెసర్."

"తోశానా లేదా?"

"లేదు. తోయలేదు."

"హమ్మయ్య! ఇన్నాళ్ళకి ఆ నోట్లోంచి ఒక్క నిజం రాలింది."

"మీరు చూశారా ఆ వీడియో?"

"నా మూతి పగలడం నేనే చూసుకుని మురిసిపోవాలా? చూడను. నాకు తెలుసులే, ఇదంతా పాత కసి. పాతికేళ్ళ కిందట ఇక్కడే నిలబెట్టాను నిన్ను. గుండు వస్తుంటే కెవ్వుమని వెనక్కి గెంతావు. హాలు హాలంతా నవ్వింది. మర్చిపోలేదు నువ్వు."

"ఎలా మర్చిపోతాను? 'ఇనపగుండు అబద్ధమాడదు. వదిలిన చోటికే వస్తుంది, అంగుళం ఇవతలికి రాదు. నమ్మనివాళ్ళు ఇంటికెళ్ళి వంట నేర్చుకోండి.' మీరన్న మాటే."

"అది నిన్ను ఉద్దేశించి కాదు."

"నన్నే. పైగా సి గ్రేడు కూడా ఇచ్చారు."

"సి ప్లస్."

"ఎంత దయ!"

"ఆ ప్లస్ కూడా ఊరికే వేశాను. దానికి ఇదా బదులు? హెడ్డువైన దగ్గర్నుంచీ నన్ను వెనక్కి లాగడమే నీ పని. నా ల్యాబు లాక్కున్నావు. రాత్రి క్లాసు పీకేశావు. పై అంతస్తులో నా గది ఖాళీ చేయించి కింద ఆ బొక్కలో పడేశావు..."

"మెట్ల మీద రెండుసార్లు పడ్డారు!"

"కొత్త బూట్లు."

"పార్కింగ్‌లో పడ్డప్పుడో?"

"మంచు. జారింది."

"సెప్టెంబర్లో మంచేంటండీ?"

"అంటే ఏంటి, నా మీద వేగులవాళ్ళని పెట్టావా? కాలేజీలో ఐస్ హాకీ ఆడినవాణ్ణమ్మాయ్ నేను. దెబ్బకి రెండు పళ్ళు ఊడిపోయినా ఐసు మీద కాలు తడబడలేదు. నాకు చెప్పొచ్చావు నిలబడడం గురించి."

"నిలబడడం గురించి నేనేమీ అనలేదు."

"అనకపోతే మానె. మొహం మీదే ఉంది."

"ప్రొఫెసర్, మీకో దణ్ణం. ఇక్కడితో ఆపేద్దాం. తాడు జారింది. డీన్ నమ్మాడు, పిల్లలు నమ్మారు. మీ పరువెక్కడికీ పోలేదు. సెమినార్ తీసుకోండి. మొదటిసారి మిమ్మల్ని బతిమాలుతున్నాను, నాకేం సరదా కాదు."

"బతిమాలడం కాదిది, తప్పించుకోవడం. తాడు జారలేదు. నేను తోయలేదు. రెండూ నువ్వే ఒప్పుకున్నావు. అలాంటప్పుడు గుండు ముందుకెలా వచ్చిందో చెప్పు. హెడ్డువి కదా, చెప్పు!"

"రాలేదు."

"ఏంటీ?"

"గుండు ముందుకి రాలేదు. వదిలిన చోటికే వచ్చింది. అది అబద్ధమాడదు కదా."

"వదిలిన చోటికే వస్తే నా పెదవికెలా తగు... ఏయ్. ఏమంటున్నావు నువ్వు?"

"నేనేమీ అనలేదు. అనకూడదనే తప్పు తాడు మీదికి నెట్టాను. మీరే లాగి లాగి ఇక్కడిదాకా తెచ్చారు."

"నేను కదిలానంటావా?"

"ఆ రోజు నేను వెనక్కి జరిగాను. మొన్న మీరు ముందుకి జరిగారు. అంతే తేడా."

"నోర్ముయ్! ముప్పై ఏళ్ళు చేశాను. గోడకి ఆనుకోకుండా, కళ్ళు మూసుకుని! ఎన్ని వేలమంది పిల్లలు చూశారు, ఒక్కడంటే ఒక్కడు వేలెత్తి చూపించలేదు."

"అందరూ తల గోడకి ఆనించే చేస్తారు. మీరూ ఆనించొచ్చుగా?"

"గోడ పిరికివాళ్ళకి. కళ్ళు తెరిచి చేస్తే అందులో నమ్మకమేముంది? ఇలా తే గుండు. ఇప్పుడే చేసి చూపిస్తాను."

"గుండొద్దు. ఇంకో మూడు కుట్లు చూడలేను నేను. ఉత్తినే నిలబడండి. ఇదిగో, గుండాటకి మీరెప్పుడూ నిలబడే సుద్దగీత మీదే. కళ్ళు మూసుకోండి. గుండు వెళ్ళి వచ్చినంత సేపు చాలు. మీరు కదలకపోతే ఫస్టియర్ మీదే. డెరెక్‌కి నేనే చెబుతాను, డీన్‌కీ నేనే చెబుతాను."

"కదిలితే?"

"సెమినార్ తీసుకుంటారు. దానికంటే ముందు డాక్టరు దగ్గరికి వస్తారు. నేను తీసుకెళ్తాను."

"నీ కారెక్కే రోజు రాదులే. మాట మీద నిలబడతావా?"

"నిలబడతాను."

"కోటు తీసెయ్యనా? తర్వాత కోటు బరువుకి కదిలానంటావు."

"ఉంచుకోండి. ఎప్పుడూ కోటుతోనే చేస్తారుగా."

"ఇదిగో నిలబడ్డాను. గీత మీదే. బాగా చూసుకో."

"చూస్తున్నాను."

"వెనక్కెందుకెళ్ళావు?"

"మడమలు లేస్తాయేమో చూడాలి కదా."

"చూడు, కరువుతీరా చూడు. జనవరిలో మొదటి క్లాసుకి వచ్చి వెనక వరసలో కూర్చో, అప్పుడూ చూద్దువుగాని. ఇదిగో, మూశాను కళ్ళు."

"మాట్లాడకండి."

"నా క్లాసులో నేను మాట్లాడుతూనే చేస్తాను. గుండు వదిలాను. వెళ్ళింది, అటు చివరికి వెళ్ళింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. తిరిగింది. వస్తోంది, వస్తోంది, ఇదిగో, వచ్చేసింది! కదిలానా?"

"ఇంకొక్క క్షణం."

"పాతిన రాటలా ఉన్నాను. ఇంకెందుకు? ఓడిపోయావని ఒప్పుకో."

"ప్రొఫెసర్..."

"ఛీ! ఆఖరికి ఇంత దిగజారతావనుకోలేదు."

"ఏం చేశాను?"

"వెనకనుంచి కోటు పట్టుకుని గుంజుతున్నావు. తెలియదనుకున్నావా? కళ్ళు మూసుకున్నానే గాని చచ్చిపోలేదు. లాగకు. వదులు."

"లాగడం లేదు ప్రొఫెసర్. మీరు ముందుకి పడకుండా పట్టుకుని నిలబడ్డాను, అంతే."