కౌంటరు దగ్గర కనబడకూడని మనిషి

కళ్లజోళ్ల షాపు షట్టరు సగం దించి ఉంది. లోపల అన్నా చెల్లెలూ. నిన్న పగిలిన అద్దం ముక్కలు నేల మీద ఇంకా అక్కడక్కడా మెరుస్తున్నాయి.

“అంటే నన్ను వెళ్లగొడుతున్నావు.”

“వెళ్లగొట్టడం ఏంటే? కొన్నాళ్లు అక్కావాళ్లింట్లో ఉండమంటున్నా. నీ మంచికే.”

“నా మంచి కోరేవాళ్లు మరీ ఎక్కువైపోయారన్నయ్యా, ఊపిరాడట్లేదు.”

“వెటకారం ఆపు. నిన్న షాపు నిండా జనం. నువ్వు దబ్బున పడి, కొట్టుకుంటూ, నోట్లోంచి నురగ... ఆ పెద్దావిడ కొత్త కళ్లజోడు ఇక్కడే పారేసి పరిగెత్తింది.”

“పాపం. చూపు బాగుపడగానే మొదట కనబడింది నేనా!”

“నీకు నవ్వులాటగా ఉందా?”

“మరి ఏడవనా? ఒకడు ఫోన్లో తీశాడట. ఇంకొకడు తడిగుడ్డని దాటినట్టు నన్ను దాటుకుపోయాడట. నువ్వేమో నోట్లో చెంచా కుక్కావు. ఇదిగో చూడు, పన్ను సగం లేదు.”

“నాలుక కొరుక్కుంటావని...”

“నోట్లో ఏమీ పెట్టొద్దని డాక్టరు నీకు ఎన్నిసార్లు చెప్పాడు! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.”

“నువ్వు మందులు సరిగ్గా వేసుకుంటే ఇదంతా ఎందుకొస్తుంది?”

“వచ్చిందయ్యా ఆ మాట! పొద్దున గుప్పెడు, సాయంత్రం గుప్పెడు మింగుతున్నా. మందులు మారాయి గానీ మూర్ఛ మారలేదు. కొంతమందికి ఏ మందుకీ లొంగదని డాక్టరే అన్నాడుగా. అయినా నేనే మింగట్లేదనుకుంటే నీకు హాయి. తప్పు నా మీదకి పోతుంది.”

“నేనలా అన్లేదు.”

“అద్దాలు కోసే మెషిను ముట్టుకోనివ్వవు. మేడ ఎక్కనివ్వవు. స్నానానికెళ్తే గడియ పెట్టుకోనివ్వవు. మిగిలింది ఈ కౌంటరొక్కటే. ఇప్పుడు అదీ లాక్కుంటున్నావు.”

“నాకూ సంసారం ఉందే! రేపు పిల్ల పెళ్లి సంగతేంటి? మేనత్తకి ఉంటే మేనకోడలికి లేదంటే నమ్మేదెవరు? వంశంలోనే ఉందంటారు.”

“అబ్బో, ఇప్పటికి బయటపడింది అసలు సంగతి.”

“అవును, అదే! నా కూతురు బంగారంలా ఉంది. దాన్ని చూసి నలుగురూ నీ పేరెత్తకూడదు.”

“నలుగురూ, నలుగురూ! ఆ నలుగురిలో నిన్న నాకు చెయ్యందించినవాడు ఒక్కడున్నాడా? నా మూర్ఛకి కాసేపట్లో తెలివొస్తుందన్నయ్యా. నీది జన్మలో తెలివి రాని మూర్ఛ.”

“నోరు పారేసుకోకు. బట్టలు సర్దుకో.”

“నాన్నా...”

“నువ్వెందుకొచ్చావమ్మా? ఇంట్లోకి పో.”

“అత్తని పంపొద్దు నాన్నా.”

“పెద్దవాళ్ల మాటల్లో నీకేం పని తల్లీ? నీకోసమేగా ఇదంతా.”

“ఒద్దమ్మా, నువ్వేం చెప్పకు. నేను నీకు మాటిచ్చాను, నా నోట ఆ సంగతి రాదు. మీ నాన్న ముందు అసలే వద్దు.”

“ఏంటది? ఏం చెప్పొద్దంటున్నావే దాన్ని? తల్లీ, ఏంటమ్మా?”

“అత్తతో పాటు నన్నూ పంపించెయ్ నాన్నా. నాకూ వస్తోంది. నీ మొహం ఇలా అయిపోతుందనే ఇన్నాళ్లూ చెప్పలేదు.”