పళ్ళ డాక్టరు పొట్టకొట్టిన ఆవు

మా ఎర్రావు మాకు దక్కిన సంగతి చెప్పాలంటే గురువారం సాయంత్రం ఐదూ ఇరవై నుంచి మొదలుపెట్టాలి. ఆ వేళకి మా అరుగు మీద చిన్నమామయ్యగారు కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. ఆయన మా అత్తగారికి స్వయానా మరిది. మనసు వెన్న, నోరు కొడవలి. కోతలన్నీ దాంతోనే.

ఆ రోజు ఇంట్లో ఎవరికీ నవ్వే మనసు లేదు. ఈనినప్పటి నుంచీ ఆవుకి అరుగుదల మందగించింది. పశువుల డాక్టరు వచ్చి, వాము నూనె, లవంగ నూనె కలిపిన సీసా ఒకటి ఇచ్చి, దాణాలో ఎలా కలపాలో అత్తగారికి చెప్పి వెళ్ళారు. మర్నాడే అత్తగారికి మోకాలు పట్టేసింది. మంచమెక్కారు. ఆవు పని చిన్నమామయ్యగారు మీదేసుకున్నారు. ఆ పూట నుంచీ ఆవు మేత ముట్టడమే మానేసింది. జబ్బు ముదిరిందనుకున్నాం. పాలు చాలక దూడ అరుస్తోంది. ఇక లాభం లేదని మా వారు దళారీకి కబురు పెట్టారు. తెల్లారితే వచ్చి తోలుకుపోతాడు. దూడగా ఉన్నప్పటి నుంచీ దాన్ని పెంచిన అత్తగారు అరుగు పక్క గదిలో, గోడవైపు తిరిగి పడుకున్నారు.

అరుగు మీద మా వారూ, పక్కింటి దర్జీ. గుమ్మంలో నేను.

"నూనెంటే మీరేదో అనుకుంటున్నారు," అని ఎత్తుకున్నారు చిన్నమామయ్యగారు. "నేను పాల ఫారంలో పనిచేసే రోజుల్లో ఒక నల్లావు ఉండేది. తింటే అరగదు, అరిగితే తినదు. నేనేం చేశాను, తవుడులో లవంగ నూనె వేశాను. ఒక్కటే చుక్క. సాయంత్రానికి ఆవు త్రేన్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పాలు పెరిగుంటాయి," అన్నాడు దర్జీ.

"పాలు పెరగడం కూడా ఒక గొప్పేనటయ్యా? త్రేన్పు సంగతి చెబుతున్నాను. ఆ గాలి పోయి సరిగ్గా మా మేనేజరు మొహాన కొట్టింది. ఆయనకి వారం నుంచీ పంటినొప్పి, బుగ్గ బంతిలా ఉంది. చేత్తో తీసేసినట్టు పోయింది. ఊరుకుంటాడా, పెళ్ళాన్ని తీసుకొచ్చాడు, ఆవిడ పుట్టింటివాళ్ళని తీసుకొచ్చింది, తెల్లారేసరికి ఆవు ముందు వరస. ముసలీ ముతకా నోళ్ళు తెరుచుకుని నించుంటే, ఆవు ఒక్కొక్కరికీ త్రేనుస్తూ పోతోంది. మధ్యాహ్నానికి పళ్ళ డాక్టరు పరిగెత్తుకొచ్చి, నా కాళ్ళు పట్టుకోబోయి, కంగారులో ఆవు కాళ్ళు పట్టుకుని, 'తల్లీ, నా పొట్టకొట్టకు' అన్నాడు."

"ఆవేమంది?" అన్నాడు దర్జీ.

"ఏమంటుంది, త్రేన్చింది. ఆయన పన్ను కూడా బాగైపోయింది."

మా వారి పెదవి కొంచెం కదిలింది. కబురు పెట్టినప్పటి నుంచీ మనిషి నోరు విప్పలేదు. అది చూసి చిన్నమామయ్యగారికి ఇంకాస్త ఊపొచ్చింది.

"అక్కడితో అయిపోతే చెప్పేదేముంది. తొట్టి కింద రాలిన దాణా కోళ్ళు తిన్నాయి. మర్నాడు గుడ్డు పగలగొడితే ఉప్పూ కారం లోపలే పడి ఉన్నాయి, పెనం మీద వెయ్యడమే తరువాయి. ఇంక దోమలు. ఆ వాసనకి దోమలన్నీ సామాన్లు సర్దుకున్నాయి."

"దోమలకి సామాన్లేమిటి బాబాయ్?" అన్నారు మా వారు.

"దోమతెరలు రా. మనం వాటికి భయపడి కట్టుకుంటే, అవి ఆవుకి భయపడి కట్టుకున్నాయి."

దర్జీ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"సరే విను. ఎండాకాలం వచ్చింది. మంద మొత్తానికీ నూనె అలవాటు చేశాను. ఒకనాడు మందంతా ఒక్కసారే త్రేన్చింది. ఆ ఆవిరి లేచి, లేచి, పోయి మబ్బుకి తగిలింది. మబ్బుకి ఎన్నాళ్ళ కడుపుబ్బరమో, హాయిగా విడిచిపెట్టింది. వాన. వాము వాన. వీధిలో తడిసినవాడికి తడిసినట్టు అజీర్తి మాయం."

"మరి గొడుగేసుకున్నవాళ్ళో?" అన్నారు మా వారు.

"వాళ్ళకే మిగిలింది. మా మేనేజరు తోడల్లుడు ఇప్పటికీ మజ్జిగ తప్ప ముట్టడు. కావాలంటే వెళ్ళి అడుగు."

దర్జీ కళ్ళు తుడుచుకుని, "అంత హస్తవాసి మీది. మరి ఈ ఆవెందుకు తినదండీ?" అన్నాడు.

చిన్నమామయ్యగారు గతుక్కుమన్నారు. కానీ కోతల్లో వెనక్కి నడవడం ఆయనకి రాదు. "ఇది మొండి జబ్బయ్యా. అందుకే చుక్కల జోలికే పోలేదు. పూటకి మూడు మూతలు, దాణా తడిసేటట్టు పోస్తున్నాను. ఈ పూట నాలుగు."

మేం దానికీ నవ్వాం. కిటికీ లోపల మంచం కిర్రుమంది.

"ఏమన్నావయ్యా?" అత్తగారి గొంతు.

"ఏదో సరదాకి వదినా."

"దోమతెరలు సరదాకి. మూతల సంగతి చెప్పు."

ఆయన కాలు మీంచి కాలు దించారు.

"అమ్మాయ్, ఆ సీసా పట్రా."

తెచ్చాను. నెల్లాళ్ళకని ఇచ్చిన సీసాకి అడుగు కనిపిస్తోంది. మూత తీస్తే నాకే కళ్ళు మండాయి.

"గుప్పెడు తవుడులో రెండు చుక్కలేసి బాగా నలిపి, దాన్ని గంపెడు దాణాలో కలపమన్నాడు డాక్టరు. వాసన తగిలీ తగలనట్టుండాలన్నాడు," అన్నారు అత్తగారు. "ఊరందరి పళ్ళూ బాగుచేశావు నాయనా, మన ఆవుకి ముక్కుందని మర్చిపోయావు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. చిన్నమామయ్యగారు తన అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నారు.

"నేనే దాని కడుపు మాడ్చానా వదినా?"

"జబ్బో వాసనో రేపు తెలుస్తుంది. వాసనే అయితే మాత్రం నీ నోటికి దండం పెట్టాలి. నువ్వు మితభాషివైతే మాకెవరికీ తెలిసేది కాదు. తెల్లారేసరికి అది పరాయివాడి తాడుకి వెళ్ళిపోయేది."

మర్నాడు చీకటి విడకముందే కొట్టంలో చప్పుడైతే వెళ్ళి చూశాను. చిన్నమామయ్యగారు వేడినీళ్ళూ బూడిదా పెట్టి దాణా తొట్టి తోముతున్నారు. మా వారు కొత్త తవుడూ పచ్చగడ్డీ తెచ్చి వేశారు. నూనె ఊసే లేదు. అత్తగారు నా భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చారు. ఆవు తొట్టిలోకి వంగి, వాసన చూసి, తల వెనక్కి తీసుకుంది. అత్తగారి వేళ్ళు నా భుజంలో దిగాయి. మళ్ళీ వంగింది. నాలుక చాపింది. తరువాత వినిపించింది, కరకరమని.

అంతలో దళారీ వచ్చాడు. మా వారు గేటు దగ్గరే ఆపి, "తింటోంది, ఇంక అమ్మం," అన్నారు. అతను కోప్పడలేదు. తాడు భుజానేసుకుని, తినే ఆవుని కాసేపు చూసి, "మంచిది తల్లీ," అని వెళ్ళిపోయాడు.

చిన్నమామయ్యగారు మాత్రం దూరంగా, చేతులు వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకున్నారు. చేతుల వాసనకి అది మళ్ళీ ఎక్కడ మానేస్తుందోనని. అత్తగారు నాకు సైగ చేశారు. సబ్బు తెచ్చి, చెంబుతో ఆయన చేతుల మీద నీళ్ళు పోశాను. ఆయన రుద్దుకుంటూనే ఉన్నారు. పోస్తూ పోస్తూ మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నాను, ఆవు కోసం, ఆయన కోసమూ.

తుడుచుకుని ఆయన గుప్పెడు గడ్డి తీసి చాచారు. ఆవు ఆయన చేతిలోంచి తింది.