వెళ్ళని దేశం పాఠాలు

లోపలికి షూతోనే రావచ్చని మీ స్కూలు ఆయా ఎన్నిసార్లు చెప్పింది మేడమ్! వింటేగా ఈ పిల్లలు? గుమ్మం బయటే విప్పేసి, మళ్ళీ వేసుకునేటప్పుడు సులువుగా ఉండాలని వాటి ముక్కులు వీధి వైపు తిప్పి మరీ పెట్టొచ్చారు. ఇంట్లో ఏడాదిగా అదే అలవాటు. నేనే నేర్పా.

నవ్వండి, ఏమనుకోను. ఇందాక మా జోనాని చరిత్రలో ఒక రాజు పేరు చెప్పమంటే తొకుగావా అన్నాడుగా, అదీ నా పాఠమే. కృష్ణదేవరాయలు తెలీదా అంటే... తెలిసే ఉండాలి. మర్చిపోయుంటాడు. నేనడగలేదు మరి.

అవును, జపాన్. మా వారు శామ్సన్ ఎలక్ట్రానిక్ సిటీలో చేసేవారు. వాళ్ళ కంపెనీకి ఒసాకాలో ఏదో పని వచ్చింది, మూడేళ్ళు ఫ్యామిలీతో పంపిస్తామన్నారు. అప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉండేవాళ్ళం. నేల మీద నిలబడితే ఒట్టు!

టీసీ సంగతా? వీసా రాకముందే ఎవరన్నా స్కూల్లోంచి తీసేస్తారా అని మీరే కాదు, మా అమ్మ కూడా అడిగింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంది. మీకు మా పద్ధతి తెలుసో లేదో. కొత్త సంవత్సరం ఆరాధనలో తలా ఒక వాగ్దానం కార్డు తీసుకుంటాం మేడమ్. కళ్ళు మూసుకుని పళ్ళెంలోంచి తీయాలి. ఏ బైబిల్ వాక్యం వస్తే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే. నాకేమొచ్చిందో తెలుసా? ఉన్న దేశం విడిచి ఆయన చూపించే దేశానికి వెళ్ళమని. ఇంకేం కావాలి?

ఆ ఆదివారమే చర్చిలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పేశా, దేవుడు మమ్మల్ని జపాన్ పంపిస్తున్నాడని. అంత చెప్పాక మార్చిలో టీసీ తీసుకోకపోతే నా విశ్వాసం ఏమైనట్టు? పాస్టరుగారు పిల్లల తలల మీద చేతులుంచి సాగనంపే ప్రార్థన చేశారు. సంఘమంతా కలిసి పెద్ద సూట్‌కేసు కొనిచ్చారు. ఇప్పుడు అందులో దుప్పట్లు పెట్టుకున్నాం.

వెళ్ళేలోపు అక్కడి సంగతులు తెలియాలి కదాని నేనే టీచర్నయ్యా. డైనింగ్ టేబులే బడి. పెద్దవాళ్ళకి ఎంత వంగాలి, తోటివాళ్ళకి ఎంత వంగాలి, అన్నీ ఫోన్లో చూసి నేర్పేదాన్ని. అన్నం తినేముందు వాళ్ళు చేతులు జోడించి ఒక మాట అంటారు. అది నేర్పితే మా జెస్సికా, "మమ్మీ, మనం యేసయ్యకి థ్యాంక్స్ చెప్తాం. వాళ్ళెవరికి చెప్తున్నారు?" అంది. అన్నానికే అనుకుంటాలే అన్నా. అప్పట్నుంచి మా ఇంట్లో రెండు ప్రార్థనలు. ఈలోపు కూర చల్లారిపోయేది.

భూకంపం వస్తే బల్ల కింద దూరాలని కూడా నేర్పా. ఒకరోజు పక్క సైటులో బోరు వేస్తుంటే ఇల్లంతా అదిరింది. వంటింట్లోంచి వచ్చి చూద్దును కదా, ఇద్దరూ తలల మీద దిండ్లు పెట్టుకుని టేబుల్ కింద ఉన్నారు! పొట్ట పట్టుకుని నవ్వా. తర్వాత మళ్ళీ అంత నవ్వినట్టు గుర్తు లేదు.

చరిత్రలో నా మనసుకి పట్టింది ఒకటే. ఒకప్పుడు అక్కడ మా మతాన్ని నిషేధించారంట మేడమ్. యేసయ్య బొమ్మ నేల మీద పెట్టి తొక్కమనేవాళ్ళంట, ఎవరు విశ్వాసులో కనిపెట్టడానికి. కొంతమంది తొక్కేసి, ఇంటికొచ్చి ఏడ్చి, తలుపులేసుకుని పిల్లలకి ప్రార్థనలు నేర్పుకునేవాళ్ళంట. పాస్టరు లేడు, చర్చి లేదు. రెండొందల ఏళ్ళకి పైగా అమ్మానాన్నలే నేర్పుకుంటూ వచ్చారు. జోనా విని, "నువ్వయితే తొక్కుతావా మమ్మీ?" అన్నాడు. ఛస్తే తొక్కనన్నా. ఎంత ధైర్యంగా చెప్పానో!

ఆగస్టులో ఒసాకా పని పోయింది. దాని వెనకే మా వారి ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఇక్కడే అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తున్నారు. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని పడుకుంటారు. ఆయన చెప్పరు, నేనడగను.

అప్పుడే బళ్ళో వేయాల్సింది అంటారు. నిజమే. కానీ బళ్ళో వేస్తే జపాన్ లేదని ఒప్పుకున్నట్టేగా మేడమ్? మైకులో చెప్పిన సాక్ష్యం ఏం కావాలి? చర్చికి వెళ్తే చాలు, "ఇంకా వెళ్ళలేదా అక్కా?" అనేవాళ్ళు. వచ్చే నెల, వచ్చే నెల అంటూ నెట్టుకొచ్చా. ఆఖరికి ఆ చర్చికే వెళ్ళడం మానేశాం. పిల్లలకీ అదే చెప్పా, వీసా లేటవుతుందని.

పాఠాలు మాత్రం ఆపలేదు. టిఫినవగానే ఇద్దరూ టేబుల్ దగ్గరికొచ్చేవాళ్ళు. ఆ కాసేపే నేను మనిషిలా ఉండేదాన్ని. మిగతా రోజంతా ఏమీ అనిపించదు మేడమ్. బాధ కూడా కాదు. పన్ను పీకడానికి ఇంజెక్షన్ ఇచ్చాక బుగ్గ ఉంటుంది చూడండి, అలా.

కన్నడా? లేదు మేడమ్, మర్చిపోయారు. ఆ అక్షరాల బదులు జపాన్ అక్షరాలు నేర్పానుగా. ఒక క్లాసు వెనక్కి వేస్తానంటే వేయండి. జోనాని నాలుగులోనే కూర్చోబెట్టండి. సిగ్గుపడతాడు, ఏం చేస్తాం.

ఒక్క సాయం చేయండి. వాళ్ళకింకా తెలీదు. ఊరికే స్కూలు చూసొద్దామని చెప్పి తీసుకొచ్చా. లోపలికి పిలిచి మీరే చెప్పండి మేడమ్, జపాన్ లేదు, ఇక ఇక్కడేనని. నాకు నోరు రావట్లేదు. నిజం చెప్పేదా? మీరు సీటు లేదంటే బావుండునని పొద్దున ప్రార్థన కూడా చేశా.

ఏంటి మేడమ్?

జోనానా? మీతోనా? ఎప్పుడు... నేను బయట క్లర్కుకి ఫొటోలు ఇస్తున్నప్పుడా?

క్రిస్మస్ నుంచే తెలుసా? వాళ్ళ నాన్న చెప్పారంటా? జెస్సికాకి కూడానా.

మమ్మీకి చెప్పొద్దు మేడమ్ అన్నాడా. పాఠాలు లేకపోతే మమ్మీ మంచం దిగదు అన్నాడా.

ఊఁ.

నిన్న కూడా చెప్పా మేడమ్, అక్కడ రైలెక్కేటప్పుడు లైన్లో ఎలా నిలబడాలో. ఇద్దరూ బుద్ధిగా కూర్చుని విన్నారు. కిటికీ పక్కన నేనంటే నేనని పోట్లాడుకున్నారు కూడా.

సరేలెండి. యూనిఫారం మీ దగ్గరే కొనాలా, బయట కుట్టించుకోవచ్చా?